గుడివాడ లేత్ మీద పుట్టిన హబ్

సైకిళ్ళు బాగుచేయడం కూడా ఒక ఉద్యోగమేనా అని మూతి విరిచే కుర్రాళ్ళకి ముందే చెబుతున్నాను. బందరులో నలభై ఏళ్ళు అదే చేశాను. దాంతోనే ఇల్లు కట్టాను, పిల్లల్ని చదివించాను, మోకాళ్ళు మొండికేశాక దాన్నుంచే రిటైరయ్యాను. నాకు రిటైర్మెంటు ఆర్డరు ఇచ్చింది మా ఆవిడ. శాలువా కప్పలేదు, దండ వేయలేదు, షాపు తాళంచెవి మాత్రం లాక్కుంది.

ఈ మధ్య పెద్ద సైకిళ్ళ షాపుల్లో పనిచేసే పిల్లలు కొందరు వచ్చి, ఫిక్సెడ్ సైకిల్‌కి వెనక హబ్, అదే చక్రం నడిమి బొడ్డు, ఏది మంచిదో చెప్పమని అడుగుతున్నారు. గేర్లుండవు, ఫ్రీవీలుండదు, చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. అలాంటి సైకిళ్ళు పట్నాల్లో ఇప్పుడు ఫ్యాషనట. ఏది మంచిదో నాకు తెలీదని చెబితే వీళ్ళు నమ్మరు, ముసలాడు గుట్టు దాస్తున్నాడనుకుంటారు. గుట్టూ లేదు, గోంగూరా లేదు. ఎవరు తొక్కుతారో తెలుసుకోకుండా హబ్ గురించి మాట్లాడేవాడు మెకానిక్కు కాదు, సేల్స్‌మ్యాను. ఈ మాత్రం తెలివి నాకు కూడా సర్వీసు చివర్లో, ఒక మనిషిని మురుగుకాలువలో పడేశాక వచ్చింది. ఆ సంగతే చెబుతాను, కూర్చోండి.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు అవనిగడ్డ బస్సు నా షాపు ముందు ఆగింది. కండక్టరు టాపు మీంచి ఒక పాత నల్ల సైకిలు దింపించాడు. దాని వెనకే ఒక అమ్మాయి దిగింది. ముప్పై దాటి ఉండవు. చుడీదార్ వేసుకుంది, చున్నీ నడుముకి ముడేసుకుంది. ఎడమ చెయ్యి మోచేతి దాకానే ఉంది. చిన్నప్పుడు ఉయ్యూరు దగ్గర పుట్టింట్లో చెరకు గానుగలో పోయిందని తర్వాత చెప్పింది. పెళ్ళయి దివిసీమకి వచ్చింది. భర్త కృత్తివెన్ను రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు, ఇంటికి వారానికోసారి వస్తాడు.

"బాబాయి గారూ, దీని బ్రేకుల సంగతి చూడాలండీ" అంది.

రెండు బ్రేకులూ నొక్కి చూశాను. "బ్రేకులు శుభ్రంగా ఉన్నాయి కదమ్మా" అన్నాను.

"బ్రేకులు బాగానే ఉన్నాయండీ, నాకే కుదరట్లేదు. తొక్కడం వచ్చండీ. ఆపడమే రావట్లేదు."

స్టూలు వేసి కూర్చోబెట్టి మొత్తం చెప్పమన్నాను. ఆ అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఆ మార్కుల మీదే వాళ్ళ పక్క ఊరి పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే ఉద్యోగానికి పేరు వచ్చింది. ఆ ఉద్యోగానికి సైకిలు తొక్కడం రావాలి. మూడు వారాల్లో ఇన్‌స్పెక్టర్ గారు వస్తారు. సంచీ తగిలించుకుని, రోజూ తిరగాల్సిన దారంతా ఆయన కళ్ళ ముందు తొక్కి చూపించాలి. ఆ దారి కృష్ణ కరకట్ట మీదుగా వెళ్ళి, కట్ట దిగి, పంటకాలువ మీద మూడడుగుల వెడల్పు కాలివంతెన దాటి అవతలి ఊరికి పోతుంది. కట్ట దిగే చోట ఏటవాలు ఉంది. ఉన్న ఒక్క చేతితో హ్యాండిలు పట్టుకోవాలి, ఆ చేతి వేళ్ళతోనే బ్రేకు లాగాలి. లాగేసరికి ముందు వేలాడే సంచీ బరువుకి హ్యాండిలు ఒక పక్కకి తిరిగిపోతోంది. అప్పటికే నాలుగుసార్లు పడింది.

"స్కూటరు నేర్చుకోరాదా? లేకపోతే మూడు చక్రాల బండి?" అని అడిగాను.

"ఆ వంతెన మీద మూడు చక్రాలు పట్టవండీ. ఒంటిచేత్తో స్కూటరు ఎవరు నడపనిస్తారు? సైకిలే కావాలి." నా వంక చూడకుండా ఇంకో మాట అంది. "ఇప్పటిదాకా నన్ను చూసి జాలిపడనోళ్ళు లేరండీ. జీతం ఇస్తానన్నోళ్ళు వీళ్ళొక్కళ్ళే."

ఆ మాట విన్నాక మర్యాదగా పని అందుకోవాల్సింది. కానీ నా నోరు ఊరుకుంటుందా? "ఇంతేనా అమ్మా! ఈ పని ఎడమచేత్తో చేసిపారేస్తాను" అనేశాను. ఎవరి ముందు ఏ మాట అన్నానో తర్వాత తెలిసి నాలిక కరుచుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వింది.

నా ఉపాయం ఇది. మామూలు సైకిల్‌లో వెనక హబ్‌కి ఫ్రీవీల్ బిగిస్తాం. కాళ్ళు ఆపినా చక్రం టికటికమంటూ తిరుగుతూనే ఉంటుంది. ఆ ఫ్రీవీల్‌ని తిరగకుండా చేస్తే చక్రం కాళ్ళ మాట వింటుంది. కాళ్ళు నెమ్మదిస్తే సైకిలు నెమ్మదిస్తుంది, కాళ్ళు బిగబడితే ఆగుతుంది. అప్పుడిక చేతికి హ్యాండిలు పట్టుకోవడం ఒక్కటే పని. నేను షాపు పెట్టిన కొత్తల్లో ఊళ్ళల్లో రోజుల తరబడి కాలు దించకుండా సైకిలు తొక్కి విన్యాసాలు చేసేవాళ్ళు ఉండేవారు. వాళ్ళకి ఫ్రీవీల్ మీద నాలుగు వెల్డింగు చుక్కలు పెట్టించి ఇచ్చేవాణ్ణి. ఒక్కడూ వచ్చి బాగాలేదనలేదు. వాళ్ళు తొక్కింది బడి మైదానంలో గుండ్రంగా, నడక వేగంతో అన్న సంగతి మాత్రం నా బుర్రకి తట్టలేదు.

వెల్డింగు కోసం చక్రం పట్టుకుని గుడివాడ వెళ్ళాను. అక్కడ ఇనుము చెక్కే లేత్ మిషను పెట్టుకున్న ఒక బావ ఉన్నాడు. బావ అంటే చుట్టరికం కాదు. వాళ్ళది పొలాలున్న రైతుల ఇల్లు, మాది వాళ్ళలాంటి వాళ్ళ పొలాల్లో కలుపు తీసి, చర్చి బడిలో చదువుకుని పైకొచ్చిన ఇల్లు. ఐటీఐలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆయనే ముందు 'ఏం బావా' అన్నాడు, అది అలా ఉండిపోయింది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లకి ఇరుసులు చేయడం ఆయన పని. నాలుగు జిల్లాల వాళ్ళు వస్తారు. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే మాత్రం నాకు మండేలా మాట్లాడతాడు.

విషయమంతా విని, ఫ్రీవీల్‌ని వేళ్ళతో తిప్పి చూసి అన్నాడు. "బావా, ఇది హబ్ మీద సీసా మూతలా మర చుట్లతో బిగిసుంది. ముందుకి తొక్కితే బిగుసుద్ది. వెనక్కి తంతే ఊడుద్ది. ఆ అమ్మాయి వెనక్కి తన్నడానికేగా చేయిస్తన్నావ్?"

"నువ్వు ఇరుసులు చేసుకో బావా, సైకిళ్ళ సంగతి నాకొదిలెయ్" అన్నాను.

ఆయన వెల్డింగు చుక్కలు పెట్టి ఇచ్చాడు. బందరు వచ్చి చక్రం బిగించి, షాపు ముందు నాలుగు చుట్లు తొక్కాను. దివ్యంగా ఆగింది. మర్నాడు ఆ అమ్మాయికి ఇచ్చి పంపించాను. బస్సెక్కుతూ ఎన్నిసార్లు దండం పెట్టిందో! ఆ దండాలన్నీ నిండా తీసుకున్నాను, సిగ్గులేకుండా.

మూడో రోజు అదే బస్సు, అదే సైకిలు. సైకిలు నిండా ఎండిన బురద, గుర్రపుడెక్క తీగలు. మోకాలి దగ్గర చుడీదార్ చిరిగి ఉంది, గెడ్డం మీద గీరుకుపోయి ఉంది. ఈసారి దండం లేదు.

"మీరు తొక్కి చూసే ఇచ్చారా బాబాయి గారూ?"

"చూశానమ్మా, నాలుగు చుట్లు..."

"ఎన్ని చేతుల్తో చూశారండీ?"

నలభై ఏళ్ళలో నా షాపులో నన్ను ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. రెండు చేతులతో చూశాను. అలవాటు కొద్దీ రెండు బ్రేకుల మీద వేళ్ళు కూడా వేసుకుని చూశాను. నేను ఆపాననుకున్నది కాళ్ళతోనో వేళ్ళతోనో నాకే తెలీదు. ఆ అమ్మాయి మాత్రం కరకట్ట దిగుతూ నన్ను నమ్మి కాళ్ళు బిగబట్టింది. మొదట రెండు గజాలు నెమ్మదించిందట. ఆ తర్వాత బావ చెప్పినట్టే మర ఊడి, పెడళ్ళు వట్టిగా వెనక్కి తిరిగాయి. వంతెన పక్కనే మురుగుకాలువ ఉంది. సైకిలూ మనిషీ దాంట్లోకి పోయారు. కోతలకి వెళ్తున్న ఆడవాళ్ళు పైకి లాగారట.

"ఇంక రెండు వారాలే ఉన్నాయండీ" అంది. "మీ వల్ల కాదంటే చెప్పండి. విజయవాడ పోతాను."

"నాలుగు రోజులు టైమియ్యమ్మా" అని బతిమాలుకున్నాను. నేను ఒక గిరాకీని బతిమాలడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ అమ్మాయి సైకిలు నా దగ్గరే వదిలేసి, బస్సెక్కి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. మా ఆవిడకి జరిగింది చెప్పాను, కాస్త జాలి చూపిస్తుందేమోనని. "ఆ పిల్ల అడిగిందాంట్లో తప్పేముంది? రెండు చేతులున్నాయని ఒళ్ళు కొవ్వెక్కి తొక్కావు" అంది. చర్చిలో నలుగురి ముందూ నన్ను 'వారు' అంటుంది, ఇంట్లో మాత్రం ఇదీ వరస. లేచి తువ్వాలు తెచ్చి ఆవిడ చేతికిచ్చాను. "నా ఎడమ చెయ్యి వెనక్కి విరిచి నడుముకి కట్టు" అన్నాను. అవసరానికి మించి గట్టిగానే కట్టింది.

అలా మూడు రోజులు చిలకలపూడి రోడ్డు మీద ఒంటిచేత్తో సైకిలు తొక్కాను. హ్యాండిలు ముందు పది కిలోల ఇసుక సంచీ వేలాడేశాను. బందరంతా చూసింది. టీకొట్టు దగ్గర ఒకడు "ఏం మావయ్యా, దురద పుడితే గోక్కోకుండా అత్తమ్మ కట్టేసిందా?" అన్నాడు. ఇంకొకడు ఫోన్లో వీడియో తీశాడు. ఎవరికి పంపుకున్నాడో, మర్నాడు మా పాస్టరు గారే ఆగి "ఒంట్లో బాగానే ఉందా అండీ?" అని అడిగారు.

మొదట మామూలు ఫ్రీవీల్ హబ్, చేతి బ్రేకుతో చూశాను. పల్లంలో బ్రేకు లాగగానే హ్యాండిలు కుడిపక్కకి గుంజుకుంది, ఆపుకోవడానికి రెండో చెయ్యి లేదు. తుప్పల్లో పడ్డాను. ఆ అమ్మాయి ఇలా నాలుగుసార్లు పడి కూడా మళ్ళీ ఎక్కిందంటే అది మామూలు గుండె కాదని అప్పుడు తెలిసింది.

రెండోసారి నా ప్రాణంలాంటి హబ్ బయటికి తీశాను. పెడల్ వెనక్కి తొక్కితే లోపలే బ్రేకు పడే హబ్ అది. ఎప్పుడో ఓడలో వచ్చిన విదేశీ సైకిల్‌ది. ముప్పై ఏళ్ళుగా గ్రీజు గుడ్డలో చుట్టి, బీరువాలో మా ఆవిడ పట్టుచీరల పక్కన దాచాను. ఎవరడిగినా ఇవ్వలేదు. ఈ అమ్మాయికి ఇచ్చేసి పాపం కడుక్కుందామనుకున్నాను. కానీ ఒంటిచేత్తో తొక్కితే దాని బండారం బయటపడింది. ముందుకి తొక్కడానికీ వెనక్కి తొక్కడానికీ మధ్య ఒక ఖాళీ ఉంది. ఆ క్షణంలో సైకిలు ఎవరి మాటా వినదు. పెడళ్ళు రెండూ నిలువుగా ఉన్నప్పుడు బ్రేకు సరిగా పడనే పడదు. పడితే ఒక్కసారిగా పట్టేసి వెనక చక్రం జారుతుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. అది పనికిరాదని తేలినప్పుడు బాధపడ్డాను గానీ, ఆ బాధలో పీనాసి సంతోషం కూడా కొంచెం ఉంది. దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి చీరల పక్కన పెట్టేశాను.

ఆఖరికి ఆ వెల్డింగు ఫ్రీవీల్‌నే మళ్ళీ బిగించి, సమంగా ఉన్న రోడ్డు మీద, వెనక్కి గట్టిగా తన్నకుండా తొక్కాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. కాళ్ళకీ చక్రానికీ మధ్య ఖాళీ లేదు. అంగుళం అంగుళం కూడా కాళ్ళ చేతిలోనే ఉంది. నడిచే మనిషి పక్కన నడిచినంత నెమ్మదిగా పోతున్నా తూలడం లేదు. ఒంటిచెయ్యి హ్యాండిలు మీద ఊరికే ఆని ఉంది. ఉపాయం తప్పు కాదు, నేను దాన్ని బిగించిన తీరు తప్పు. ఆ మురుగుకాలువ నా పొగరు తవ్విన కాలువ. రోడ్డు మధ్యలో, కట్టేసిన చెయ్యితో, గట్టిగా నవ్వాను. టీకొట్టు వాళ్ళు ఇంక లాభం లేదనుకున్నారు.

నాలుగో రోజు పొద్దున్నే గుడివాడలో దిగాను. 'నేను అప్పుడే చెప్పానుగా' అంటాడని బస్సంతా సమాధానాలు కూర్చుకుంటూ వెళ్ళాను. బావ ఆ మాట అనలేదు.

"కాలవలో ఆ అమ్మాయి పడింది బావా. పడాల్సింది నువ్వు" అన్నాడు. ఆ తర్వాత చేతులు తుడుచుకుంటూ "నేను కూడా. తెలిసీ చేసిచ్చాను" అన్నాడు.

ఇద్దరం నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసుకున్నాం. ఏం కావాలో నాకు తెలుసు. చైను తిరిగే పళ్ళచక్రం కుడి మరతో హబ్ మీదికి ఎక్కాలి. దాని మీద ఇంకొంచెం చిన్నగా, ఎడమ మరతో, అంటే ఎడమకి తిప్పితే బిగిసే మరతో, ఒక రింగు బిగించాలి. వెనక్కి తన్నినప్పుడు పళ్ళచక్రం ఊడాలని చూస్తే ఆ రింగుని నెడుతుంది. రింగుది తిరకాసు మర కాబట్టి, నెట్టేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. మామూలు హబ్‌కి రెండో మర కోయడానికి చోటు లేదు. అందుకని హబ్ మొత్తం కొత్తగా చేద్దామన్నాడు బావ.

"ఉప్పునీళ్ళల్లో ఏళ్ళ తరబడి మునిగుండే ఇరుసులు చేస్తన్నాం. ఉప్పుగాలిలో తిరిగే సైకిల్‌కి ఒక హబ్ చెయ్యలేమా?" అని తుప్పుపట్టని ఉక్కు దుక్క ఒకటి బయటికి లాగాడు. లోపల గోళీల బదులు ఏరియేటర్లకి వాడే, నీళ్ళు దూరని బేరింగులు వేస్తానన్నాడు. నలభై ఏళ్ళలో నాకు తట్టని ఆలోచన అది. తాడిదన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు మరి.

మధ్యాహ్నానికి హబ్ తయారైంది. వెండి గిన్నెలా మెరుస్తోంది. బావ మొహం అంతకంటే ఎక్కువ మెరుస్తోంది. చేతిలోకి తీసుకుని కన్నాలు చూశాను. వెనక చక్రానికి స్పోకులు నలభై, అటు ఇరవై, ఇటు ఇరవై. లెక్క సరిపోయింది. కానీ రెండు పక్కలా కన్నాలు ఎదురెదురుగా ఉన్నాయి.

"బావా, ఇది దేనికి చేశావ్, మెడలో వేసుకోడానికా?" అన్నాను. ఒక పక్క కన్నాలు రెండో పక్క కన్నాల మధ్యకి రావాలి. లేకపోతే స్పోకులు రిమ్ములో వాటి వాటి చోట్లకి సరిగా చేరవు, చక్రం నిలబడదు. ఇది సైకిల్ షాపులో పనిచేసిన ఎవరికైనా తెలుస్తుంది. లేత్ దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడ్డా తెలియదు.

బావ హబ్ వంకా నా వంకా చూశాడు. "ఇరుసుల సంగతి నన్ను చూసుకోమన్నావు గదా, సైకిళ్ళ సంగతి పక్కనే కూచుని నువ్వేం చూస్తన్నావ్?" అని నన్నే కసిరాడు. దాన్ని తీసుకెళ్ళి కాగితాల మీద బరువుగా పెట్టి, ఇంకో దుక్క లాగి మళ్ళీ మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఆ మొదటి హబ్ ఆయన బల్ల మీద అలాగే ఉంది. ఎవరైనా అడిగితే కావాలనే అలా చేశానంటాడు.

బందరులో ఆ చక్రం కట్టినంత శ్రద్ధగా నేను నా పెళ్ళి కూడా చేసుకోలేదు. ఒక్కో స్పోకు మీటి శబ్దం విన్నాను. బెండు వెంట్రుకవాసి కూడా లేకుండా తీశాను. రింగు బిగించాక, నాతో బందరు వచ్చిన బావ, నేను, మా ఆవిడ ముగ్గురం పెడల్ మీద వెనక్కి తన్నిచూశాం. కదల్లేదు. చైను తెగితే ఎలా అని ముందు చక్రానికి ఒక బ్రేకు ఉంచాను, అది అవసరానికి మాత్రమే. అప్పుడు మా ఆవిడ ఒక మాట అంది. "కాళ్ళు ఆపినా పెడల్ ఆగదంటున్నారు. ఆ పిల్ల చున్నీ చైనులో పడితే లాగేసుకోదా?" మగాళ్ళిద్దరం మొహాలు చూసుకున్నాం. నిండు చైను కవరు తెచ్చి ఒక్క సందు కూడా లేకుండా మూసేశాను.

ఆ అమ్మాయి వచ్చినప్పుడు ముందు నా చెయ్యి నేనే కట్టించుకుని, తన కళ్ళ ముందే పల్లంలో దిగి, కాళ్ళతో ఆగి చూపించాను. నా నడుముకున్న తువ్వాలు ముడి తన ఒక్క చేత్తో విప్పింది. ఆ తర్వాత సైకిలెక్కింది. మొదటి రోజు పెడళ్ళు కాళ్ళని తోసేస్తుంటే "అమ్మో, ఇదేంటి బాబాయి గారూ, ఇది నన్ను తొక్కుతోంది" అని అరిచింది. రెండో రోజు అరుపులు లేవు. ఆపకుండా నెమ్మదించడం, నెమ్మదిస్తూనే నిలబడినట్టు ఉండడం, అన్నీ తనకి తనే కనిపెట్టుకుంది. నేను నేర్పింది చాలా తక్కువ. గడువుకి వారం ఉండగా సైకిలు తీసుకుని దివిసీమ వెళ్ళిపోయింది, రోజూ కట్ట మీద తొక్కుకుంటానని.

ఇన్‌స్పెక్టర్ గారు వచ్చే రోజు బావ మోటారు సైకిలు మీద ఇద్దరం వెళ్ళాం. పులిగడ్డ దాటాక పాలకాయతిప్ప వైపు నుంచి సముద్రపు గాలి ఈడ్చి కొడుతోంది. ఇంతటి గాలిలో ఒంటిచేత్తో కట్ట ఎలా దిగుతుందా అనుకున్నాను. దారి పొడుగునా లోపల ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను.

ఇన్‌స్పెక్టర్ గారు యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. మంచివాడే, కానీ జాగ్రత్తపరుడు. "అమ్మా, నేను వద్దన్నానంటే నీ మీద కోపంతో కాదు. రేపు డ్యూటీలో నువ్వు పడితే ఆ పాపం నాది. దారంతా తొక్కాలి. కాలు కింద పెట్టకుండా కట్ట దిగాలి, వంతెన దాటాలి, మళ్ళీ రావాలి" అన్నారు. ఆ అమ్మాయి తలూపింది. భర్త కూడా చెరువు దగ్గర సెలవడిగి వచ్చాడు. బక్కపల్చని మనిషి, సైకిలు టైర్లు మూడుసార్లు నొక్కి చూశాడు.

సంచీ నిండా కాగితాలు నింపి ముందు తగిలించారు. ఎక్కింది. కట్ట మీద గాలి చున్నీ కొసల్ని ఎగరేస్తోంది, సైకిలు మాత్రం గీత గీసినట్టు పోతోంది. మేమందరం వంతెన దగ్గర నిలబడి చూస్తున్నాం. ఏటవాలు దగ్గరికి వచ్చి దిగడం మొదలుపెట్టింది. కాళ్ళు నెమ్మదిగా తిరుగుతున్నాయి. సగం దిగింది.

అప్పుడు వచ్చాయండీ బాతులు! కోత కోసిన పొలంలో బాతుల్ని మేపుతున్న మనిషి, మందని కాలువ వైపు తోలాడు. రెండొందలో మూడొందలో, క్వాక్ క్వాక్ అనుకుంటూ గట్టెక్కి, ఏటవాలు కింద దారికి అడ్డంగా ఏరులా పారాయి. "ఏయ్, ఆపవయ్యా, ఆపు!" అని నేను అరిచాను. బాతుల మందని ఆపడం ఎవడి తరం? ఆ అమ్మాయి వెనక్కి పోలేదు, పక్కకి పోలేదు, ఎడమపక్క ఆ మురుగుకాలువే ఉంది. బావ నా భుజం పట్టుకుని నొక్కుతున్నాడు. ఆయన చేతికి జిల్లాలో ఉన్న బలమంతా ఉందని అప్పుడే తెలిసింది. ఇన్‌స్పెక్టర్ గారు ఫైలు చంకలో పెట్టుకుని, పట్టుకోడానికన్నట్టు రెండు చేతులూ ముందుకి చాచారు.

ఆ అమ్మాయి కాళ్ళు బిగబట్టింది. రింగు పట్టింది. సైకిలు నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, బాతులకి రెండు గజాల ఇవతల దాదాపు నిలిచిపోయింది. కాలు కింద పెట్టలేదు. పెడళ్ళు వేలెడు ముందుకి, వేలెడు వెనక్కి ఆడుతున్నాయి. హ్యాండిలు కొంచెం అటూ కొంచెం ఇటూ. బాతులు తీరిగ్గా, పెళ్ళికి వెళ్తున్నట్టు, ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. ఆఖరి బాతు తోక ఊపుకుంటూ నీళ్ళలోకి దిగింది. ఆ అమ్మాయి కాళ్ళు కదిపింది, సైకిలు కదిలింది, వంతెనెక్కింది, దాటింది, అవతలి ఊళ్ళోకి మలుపు తిరిగింది.

నేను "హల్లెలూయా!" అని గావుకేక పెట్టాను. నా పక్కనుంచి నాకంటే గట్టిగా "హల్లెలూయా!" అని వినిపించింది. చూస్తే బావ. ఆయన ఏటా తిరుపతి నడిచి వెళ్ళే మనిషి. ఆ సంగతి గుర్తొచ్చేసరికి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ "గోవిందా" అని కూడా అన్నాడు. నేను ఏడ్చానా అని అడగకండి. ఏడ్చాను. ఆ అమ్మాయి భర్త అక్కడే గట్టు మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

పావుగంటలో తిరిగి వచ్చింది. వంతెన దాటి, ఏటవాలు ఎక్కి, మళ్ళీ దిగి, మా ముందుకి వచ్చి కాళ్ళతోనే ఆగి దిగింది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. ఇన్‌స్పెక్టర్ గారు సైకిలు చుట్టూ ఒకసారి తిరిగారు.

"చేత్తో బ్రేకు వేయడం నేను చూడలేదే. ఎలా ఆపావమ్మా?"

"కాళ్ళతోనండీ."

"కాళ్ళతోనా?" ఫైలు నా చేతికిచ్చి, ప్యాంటు కొంచెం పైకి మడిచారు. "ఏదీ, నన్ను చూడనీ."

"వద్దు సార్, దానికి అలవాటు కావాలండీ. పెడళ్ళు ఆపితే తోసేసుద్ది" అని బావ, నేను ఒకేసారి అన్నాం.

"సైకిలే కదయ్యా" అని ఎక్కేశారు. పది గజాలు బాగానే పోయారు. అందరం చేసేదే ఆయనా చేశారు, హాయిగా కాళ్ళు ఆపబోయారు. చక్రం ఆయన కాళ్ళని పైకి విసిరింది. ఇస్త్రీ చొక్కాతో సహా పక్కనున్న తడి పొలంలో వెల్లకిలా పడ్డారు. దెబ్బేం తగల్లేదు, అంతా బురదే. బావా నేనూ కదిలేలోపే ఆ అమ్మాయి గట్టు దిగి, కుడి చెయ్యి చాచింది. ఆయన రెండు చేతులతో ఆ ఒక్క చెయ్యీ పట్టుకుని లేచారు.

ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. ఆయన చొక్కా చూసుకుని, సైకిలు చూసి, ఆ అమ్మాయిని చూశారు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఫైలు అడిగి తీసుకుని, సైకిలు సీటు మీద పెట్టి సంతకం చేశారు.

"సోమవారం తొమ్మిదింటికి డ్యూటీకి రామ్మా" అన్నారు.

"ఎనిమిదింటికే వస్తానండీ" అంది.